చిన్నదాని కళ్ళు

నైరోబీ
9 ఆగస్టు 1948

మునీవక్కకు,

నీ తమ్ముడు మౌందు రాస్తున్నాడు. ఈ కాయితాన్ని వెంటనే పొయ్యిలో పెట్టకు. చివరిదాకా చదివాక నీ ఇష్టం.

యుద్ధం నుంచి తిరిగొచ్చి రెండేళ్ళయింది. పటాలంలో చేరి ఆరేళ్ళు దాటింది. ఇంటికి రాలేదు, ఉత్తరం రాయలేదు. ఎందుకో రాయడం మొదలుపెడితే ఈ కాయితం చాలదు, నా ధైర్యం అసలే చాలదు. అందుకని పని గురించి రాస్తాను. పని గురించైతే నా చెయ్యి వణకదు.

ఇక్కడి మ్యూజియంలో పురుగుల విభాగంలో ఉన్నాను. పటాలంలో నన్ను దోమల దళంలో వేశారు. గుంటల్లో దోమపిల్లలను పట్టి, ఏది జ్వరం తెచ్చేదో ఏది కాదో రెక్కలు చూసి వేరు చేసేవాళ్ళం. అక్కడే బొమ్మలు గీయడం వచ్చింది. ఇప్పుడు అద్దం కింద పురుగుని పెట్టి, దాని కాలి మీద ఎన్ని ముళ్ళుంటే అన్నీ కాయితం మీద దించుతాను. నవ్వుకో. మేకల్ని లెక్కపెట్టమంటే తప్పులు చెప్పేవాణ్ణని నువ్వే అనేదానివి.

పోయిన నెల దొర ఒక పాత పెట్టె తీసి నా ముందు పెట్టాడు. అందులో గుండుసూదులకు గుచ్చిన ఈగలు ఐదున్నాయి. చీటీ మీద "ఉకాసి గుట్ట" అని ఉంది. మన గుట్టే అక్కా! చూడగానే గుర్తుపట్టాను. వాన పడినప్పుడు గుట్ట చీలికలోంచి గబ్బిలాల రెట్టతో పాటు కొట్టుకొచ్చేవి చూడు, ఒళ్ళంతా పసుపుపచ్చ వెంట్రుకలతో, పొడుగు కాళ్ళతో. అవే. పదిహేనేళ్ళ కిందట ఎవరో పట్టుకొచ్చారట. ఆ తరవాత ఎవరికీ దొరకలేదు. ప్రపంచంలో ఇంకెక్కడా లేవని దొర అంటాడు. పెట్టెలో ఉన్నవాటికి వెంట్రుకలు రాలిపోయాయి, కాళ్ళు విరిగిపోయాయి. బొమ్మ గీయడానికి లేదు.

నాకు ఓ పది కావాలి. పెద్దవీ, చిన్నవీ, రెండు రకాలూ. గరిస్సా ఊరికి లారీ తోలే ఫారా మీ రోడ్డు మీదుగానే పోతాడు. అతని చేత స్పిరిట్ సీసా పంపుతున్నాను, పట్టినవాటిని అందులో వేసి పంపు. తాగేది కాదని బావకు ముందే చెప్పు. సీసా చుట్టూ చుట్టిన గుడ్డ నీకు. పంచదార ఇంటికి.

పిల్ల బాగుందనుకుంటాను.

నీ తమ్ముడు
మౌందు


ఉకాసి గుట్ట కింద
29 ఆగస్టు

మౌందూ,

కాల్చలేదు. పొయ్యి దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

ఆరేళ్ళకు ఉత్తరం రాశావు, అదీ ఈగల కోసం. ఫారా లారీ ఆపి కేకేస్తే ఎవరో పోయారనుకుని పరుగెత్తాను. "అమ్మా, మీ తమ్ముడు బతికే ఉన్నాడు, లావెక్కాడు కూడా" అన్నాడు. రోడ్డు పక్కనే కూలబడి ఏడ్చాను. పాపం, ఆ మనిషి ఏమనుకున్నాడో, ఇంజను ఆపి నేను లేచేదాకా నిలబడ్డాడు.

మీ బావ సీసా మూత తీసి వాసన చూశారు. మా తమ్ముడు తాగేది కాదని రాశాడండీ అంటే, "అన్నేళ్ళు సిపాయిగా తిరిగి చివరికి ఈగల కాపరి అయ్యాడా?" అన్నారు. కానీ ఆ మాట నలుగురికీ చెప్పుకుని మురుస్తున్నారు. "మా బావమరిది నైరోబీలో పెద్ద ఉద్యోగం, గుట్ట మీది సాలీళ్ళను లెక్కపెడతాడు" అని.

సాలీళ్ళే కదరా అవి? ఈగలంటావేం? ఎగరవు. పాకుతాయి. చిన్నప్పుడు ఒకటి నీ మెడ మీద పడితే నా వీపెక్కి నన్నూ తడిపేశావు. అప్పుడూ సాలీడనే అరిచావు.

ఇక్కడ సంగతులు. పోయిన వానకాలం మోసం చేసింది. అలసంద ఆకు ఎండిపోయింది, గుమ్మడి తీగ ఎండిపోయింది. ఏటి ఇసకలో మోకాళ్ళ లోతు తవ్వితే వచ్చే నీళ్ళు ఇప్పుడు నడుం లోతు తవ్వినా రావడం లేదు. మేకలు పాలివ్వడం మానేశాయి. రోజూ ఉడకబెట్టిన మొక్కజొన్న గింజలే. మీ బావ తేనెతుట్టెలు దించితే సగం ఖాళీ.

పిల్ల అని రాశావు. దానికి పేరుంది. కసివా. మేం మాత్రం చిన్నది అంటాం. "చిన్నదేదీ? చిన్నది తిందా?" అనుకుంటూ ఉంటాం. ఆరేళ్ళు నిండాయి. నన్ను అమ్మా అంటుంది. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నిన్ను నైరోబీ మామ అనుకుంటోంది. అలా అనుకోమని నేను చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. వాయూవా పోయిన వారం రోజులకు దాన్ని నా ఒళ్ళోకి తీసుకున్నాను. అప్పుడు ఏమని పిలవాలో నేర్పడానికి నువ్విక్కడ లేవు.

నీ భార్య వాయూవాను పడమటి కంచె దగ్గర పెట్టాం. రాళ్ళు పేర్చాం. నువ్వు అడగలేదు, నేనే రాస్తున్నాను.

వాన లేందే నీ ఈగలు రావు. వస్తే పడతాను.

మునీవా


నైరోబీ
7 సెప్టెంబరు

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కంచె దగ్గర రాళ్ళ మాట చదివినప్పుడల్లా లేచి బయటికి వెళ్ళి వచ్చాను. దాని గురించి రాస్తాను. ఇవాళ కాదు.

సాలీడు కాదు, ఈగే. ఎందుకో చెప్తాను విను. సాలీడుకు ఎనిమిది కాళ్ళు, దీనికి ఆరే. సాలీడుకు మీసాలుండవు, దీని తల ముందు రెండు బుల్లి మీసాలున్నాయి. ఇక రెక్కలు. తేనెటీగను చూడు, బావను అడుగు, నాలుగు రెక్కలుంటాయి. ఈగ జాతికి రెండే. వెనక రెండు రెక్కలు ఉండాల్సిన చోట గుండుసూది తలల్లాంటి బొడిపెలు రెండుంటాయి. ఎగిరేటప్పుడు పక్కకు ఒరిగిపోకుండా అవి కాపాడతాయి. మన గుట్ట ఈగకూ రెండు రెక్కలున్నాయి, కానీ తోలు ముక్క కత్తిరించినట్టు సన్నటి పట్టీలు, అంతే. వాటితో గాలిలోకి లేవలేదు. వెనక బొడిపెలు ఉన్నాయా లేవా అన్నంత చిన్నవి. కళ్ళూ అంతే, తలకు రెండు పక్కలా ఆవగింజలు అద్దినట్టు ఉంటాయి. ఎగిరే పని మానేసింది గానీ పుట్టుక ఈగ పుట్టుకే.

ఏ ఇంటి ఈగ అన్నదే తగువు. మా దగ్గర పొడుగాటి బీరువాలున్నాయి. ఒక్కో సొరుగులో ఒక్కో వంశం. దొర నన్ను పరీక్షిస్తాడు: "మౌందూ, దీన్ని ఎందులో పెడతావు?" వెంట్రుకలు చూస్తే పేడ ఈగల సొరుగు దగ్గరికి పోతాను. కాళ్ళు చూస్తే గబ్బిలాల ఒంటి మీద బతికే ఈగల సొరుగు దగ్గరికి పోతాను. ఏదీ కుదరదు. పేరు పెట్టినాయన కూడా ఎటూ తేల్చలేక దీనికోసమే ఒక వంశం రాసి పెట్టాడట. ఆ వంశం మొత్తానికి ఇదొక్కటే. అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్ళు లేరు. సొరుగంతా ఖాళీ, మధ్యలో ఒక్క పెట్టె. సాయంత్రం బీరువాలు మూసేటప్పుడు ఎందుకో ఆ సొరుగు దగ్గర కాసేపు నిలబడతాను.

కసివా అన్న పేరు ఎవరు పెట్టారు?

మౌందు


ఉకాసి
26 సెప్టెంబరు

తమ్ముడూ,

నువ్వు ఒక్కడివి కాదు. నీకు అక్క ఉంది. అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్ళు లేరు అని రాసి ఎవర్ని ఏడిపిద్దామని? ఈగ గురించే రాశానంటావు. నేనూ చదువుకున్నదాన్నే, మిషన్ బళ్ళో నాలుగేళ్ళు. ఎవరి గురించి రాశావో నాకు తెలియదూ?

పేరు వాయూవా పెట్టింది. జ్వరంలో ఉన్నా తనే పెట్టింది.

నీ పని కాస్త అయింది. గుట్ట చీలిక దగ్గర రాయి చెమ్మగిల్లే చోట రెండు దొరికాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పట్టింది నేను కాదు, మీ బావ. పొగబెట్టి తేనెటీగల మధ్య చెయ్యి పెట్టే మనిషి, దీన్ని పట్టడానికి మూడుసార్లు వెనక్కి దూకారు. "నవ్వకే! కుట్టే దానితో నాకు మాటామంతీ ఉంది, దీనితో ఏముంది?" అన్నారు. కాళ్ళు లెక్కపెట్టాను. ఆరే. నువ్వు గెలిచావు. బతికున్నవాటిని స్పిరిట్లో వేయడానికి మాత్రం చేతులు రావడం లేదు. సొరకాయ బుర్రలో గబ్బిలాల రెట్ట కాస్త వేసి, మూతికి గుడ్డ కట్టి ఉంచాను.

నీళ్ళకు ఇప్పుడు రెండు గుట్టలు దాటి పోతున్నాం. పొద్దున వెళితే ఎండ నెత్తికెక్కాక వస్తున్నాం. పొరుగు వాళ్ళు ఆవులను తోలుకుని టానా నది వైపు వెళ్ళిపోయారు. మనకు మిగిలింది నాలుగు మేకలు. అందులో ఎర్ర మేక సూలుతో ఉంది, దాని మీదే మా ఆశంతా.

ఇంకో సంగతి. రాయనా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. చిన్నదాని కళ్ళు నాకు బాగా లేవనిపిస్తోంది. మసకబారాయి. సందె పడితే చాలు, గోడకేసి పోయి కొట్టుకుంటుంది. పగలు ఎండలోకి తెస్తే ముడుచుకుని చీకటి మూలకు పాకుతుంది. తినడం సరిగ్గా లేదు. కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. నాకేమీ పాలుపోవడం లేదు. నీకక్కడ తెలిసినవాళ్ళు ఉంటారు కదా, ఎవరినైనా అడుగు. ఏం చేయమంటే అది చేస్తాను.

ఫారా హారను కొడుతున్నాడు. ఇక ఆపుతాను.

నీ అక్క


నైరోబీ
4 అక్టోబరు

బంగారం లాంటి అక్కకు,

రెండు దొరికాయా! నీ ఉత్తరం చేత్తో పట్టుకుని దొర గదిలోకి పరుగెత్తాను. చదివి వినిపించమన్నాడు. బావ మూడుసార్లు వెనక్కి దూకిన చోట ఇద్దరం పడి పడి నవ్వాం.

నువ్వు చిన్నదాని గురించి రాసింది ఆయన రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడు. "మీ అక్క కళ్ళు పెట్టి చూస్తుంది, ఇక్కడ జీతం తీసుకునేవాళ్ళకు కూడా ఇంత చూపు లేదు" అన్నాడు. నీకు బెంగ అక్కర్లేదు. చిన్నదాని కళ్ళు పాడవలేదు. అవి అలాగే ఉంటాయి. చీకట్లో పుట్టి చీకట్లో బతికే దానికి కళ్ళతో పనేముంది? వెలుతురు పడకపోవడం, మూలకు పాకడం, అన్నీ దాని స్వభావమే. కాళ్ళు పుల్లల్లా ఉండడమే దాని అందం! తినడం లేదంటే మాత్రం ఎక్కువ రోజులు ఉండదు. జాలిపడి ఆలస్యం చేయకు. చచ్చాక వేస్తే వెంట్రుకలు రాలిపోతాయి. బతికుండగానే స్పిరిట్లో వేసెయ్, మూత గట్టిగా బిగించు. పోతే పోయింది, వానలు పడితే ఇంకోటి దొరుకుతుంది.

అవి కలవడం చూశావా? పెద్దది ఎప్పుడైనా రెక్క పట్టీలు కదిలిస్తోందా? చూసి రాయి.

కసివా ఎలా ఉంది? ఈసారి నువ్వు దాని ఊసే ఎత్తలేదు.

మౌందు


ఉకాసి
11 అక్టోబరు

మౌందూ,

చిన్నది అంటే ఈగ కాదు. నీ కూతురు.

సందె పడితే గోడకు కొట్టుకునేది అది. నుదుటి మీద బొప్పి ఉంది. ఈగలు రెండూ బుర్రలో సుఖంగా ఉన్నాయి.

నీ ఉత్తరం రాగానే ఎదురొచ్చి, "మామ నా కళ్ళ గురించి ఏం రాశాడమ్మా?" అని అడిగింది. బాగవుతాయని రాశాడని చెప్పాను. నువ్వు ఏం రాశావో నేను చచ్చేదాకా దానికి చెప్పను.

మునీవా


నైరోబీ
14 అక్టోబరు

అక్కా,

ఈ కాయితం అందగానే ముందు ఈ ఒక్క పని చెయ్యి. మేకను కొయ్యండి. కాలేయం కాస్త వేడి చేసి చిన్నదానికి పెట్టండి. మిగిలింది మర్నాడు పెట్టండి. వేరే ఎవ్వరూ ముట్టుకోకండి. కారణం తరవాత చదువు. ముందు మేక.

ఇప్పుడు కారణం. బర్మా అడవుల్లో ఆకుకూర లేకుండా, పాలు లేకుండా నెలల తరబడి డబ్బాల తిండి తిన్నాం. మా దళంలో ముగ్గురికి సందె పడితే చూపు పోయేది. ముందువాడి బెల్టు పట్టుకుని నడిచేవాళ్ళు. డాక్టరు చేపనూనె పట్టించాడు. నూనె లేని చోట కాలేయం తినిపించాడు. వారం తిరక్కుండా ముగ్గురూ వాళ్ళంతట వాళ్ళే నడిచారు. నిన్న ఇక్కడి ఆసుపత్రిలో అడిగాను. అదే అన్నారు. ఆలస్యమైతే కనుగుడ్డు ఎండిపోయి చూపు పూర్తిగా పోతుందని కూడా అన్నారు. అలసంద ఆకు ఎండిపోయిందని, మేకలు వట్టిపోయాయని నువ్వు ఆగస్టులోనే రాశావు. చూసి పోల్చుకోవడమే నా ఉద్యోగం. నేను పోల్చుకోలేదు.

క్షమించమని అడగను. అడిగే మొహం లేదు. ఒకటి మాత్రం చెప్పుకోవాలి. వాయూవా పోయిన కబురు నాకు సిలోన్‌లో అందింది, ఎనిమిది నెలల తరవాత. ఆఫీసరు చదివి వినిపించాడు. ఒకే కాయితంలో రెండు ముక్కలు: కూతురు పుట్టింది, భార్య పోయింది. ఆ కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మడతలో రెండూ ఒకదానికొకటి అంటుకుపోయాయి అక్కా. ఒకటి విప్పితే రెండోది వస్తుంది. కూతుర్ని చూడాలంటే ఆ రాళ్ళు చూడాలి. రాళ్ళు చూడలేక కూతుర్నీ చూడలేదు. రెండేళ్ళుగా రోజుకు పది గంటలు ఈగల ముఖాలు చూస్తున్నాను.

సెలవు దొరికింది, మూడు రోజులే. వచ్చే శుక్రవారం ఫారా లారీలో వస్తున్నాను. చేపనూనె సీసాలు తెస్తున్నాను.

మౌందు


ఉకాసి
14 నవంబరు

తమ్ముడూ,

ఎట్టకేలకు వాన పడింది. ఆరో తారీకున మొదలై నాలుగు రోజులు కురిసింది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. వరసగా చెప్పడం నాకు రాదు, నువ్వే పోల్చుకో.

నువ్వు ఉన్న మూడు రోజులూ నేను ముభావంగా ఉన్నానని మీ బావ అంటున్నారు. "తమ్ముడు వస్తే నీళ్ళ కుండలాగా మూతి ముడుచుకున్నావేం?" అని. ఎందుకో ఆయనకూ చెప్పలేదు, నీకు చెప్తున్నాను. నువ్వు వస్తున్నావని తెలిసిన రోజునే చిన్నదాని మూట కట్టాను. రెండు గుడ్డలు, పూసల దండ, అది నీళ్ళు తాగే బుల్లి సొరకాయ. కట్టి గింజల గాదె వెనక దాచాను. నువ్వు దాన్ని తీసుకుపోతానంటే కాదనే హక్కు నాకు లేదు. పైగా నైరోబీలో ఆసుపత్రి ఉంది. నీ నోట్లోంచి ఆ మాట ఎప్పుడు వస్తుందా అని చూస్తూ కూర్చున్నాను. తిండి పెడుతున్నా అదే, నీళ్ళు పోస్తున్నా అదే. నువ్వు అనలేదు. నువ్వు లారీ ఎక్కాక వచ్చి ఆ మూట విప్పుకున్నాను. విప్పుతుంటే ముడి రాలేదు. అంత గట్టిగా ఎందుకు కట్టానో!

నువ్వు వచ్చేసరికి మేం ఎర్ర మేకను కోసి మూడు రోజులైంది. కోసింది ఆ సూలు మేకనేనని నీకు చెప్పొద్దన్నారు మీ బావ. కత్తి పట్టుకుని కాసేపు దాని పక్కనే కూర్చున్నారు. "నీ పిల్లకు బదులు మా పిల్ల" అన్నారు దానితో. తరవాత ఒక్క వేటు. మిగతా మూడూ పోతులే కదండీ, వాటిలో ఒకటి కోద్దామంటే, "బలిసింది ఇదొక్కటే, కాలేయం పెద్దది ఉంటుంది" అన్నారు.

చిన్నది నీ నూనెకు మూతి వంకర పెట్టేది కదా, నువ్వు వెళ్ళాక కూడా రోజూ పట్టించాను. వెళ్ళిన నాలుగో రోజు సందె వేళ నేను వాకిట్లో మొక్కజొన్న దంచుతున్నాను. "అమ్మా, నీ రోకలికి చీలిక వచ్చింది" అంది. రోకలి వదిలేశాను. ఎంత వెలుతురుంది అప్పుడు? నాకే చీలిక కనబడలేదు. తడిమి చూస్తే నిజమే.

వెలుతురు తగలకుండా వారం పాటు కళ్ళకు కట్టమని ఆసుపత్రి వాళ్ళు నీకు చెప్పిన గుడ్డ అప్పటికే విప్పేసింది. కనుగుడ్డు మీద నురుగులాంటి మచ్చ ఇంకా కాస్త ఉంది. ఉండనీ. చూపు వచ్చింది, అది చాలు.

వాన మూడో రోజున గుట్ట చీలికలోంచి నల్లటి రెట్ట బురదగా జారింది. దానితో నీ వంశం మొత్తం దిగింది. పొట్టు చెరిగి పోసినట్టు బండ మీద వందల్లో! మీ బావ గుమ్మం దాటలేదు. వెళ్ళింది నేనూ, చిన్నదీ. నువ్వు ఉన్నప్పుడు కళ్ళకు గుడ్డ కట్టుకుని, అరచేతిలో ఈగను పెట్టించుకుని కాళ్ళు లెక్కపెట్టింది చూడు, "ఆరు" అంటే నువ్వు "మళ్ళీ లెక్కపెట్టు" అన్నావు, "నైరోబీలో లెక్కలు రావా నీకు?" అంది. ఇప్పుడు కళ్ళతో చూసింది. ఆపితే ఆగదు. పెద్దవాటి వెంట్రుకలు మొక్కజొన్న కంకి పీచులా ఉన్నాయంది. చిన్నవి బోడిగా ఉన్నాయంది. పెద్దవాటిలో కూడా కొన్ని మరీ పెద్దవి, కొన్ని చిన్నవాటంతే ఉన్నాయట. అవి ఏ కుప్పలో వేయాలని నన్ను అడిగింది. నాకేం తెలుసు? మూడో కుప్ప పెట్టింది. రెక్కల పట్టీలు కదిలిస్తున్నాయి, ఎగరవు. ఇంకేమైనా కావాలంటే అదే చూసి చెప్తుంది, నాకు ఓపిక లేదు. సీసా నిండా పంపుతున్నాను. అవి స్పిరిట్లో పడేటప్పుడు చిన్నది అటు తిరిగి నిలబడింది. నేనే వేశాను.

ఇక అసలు సంగతి. నిన్న విత్తగా మిగిలిన అలసంద గింజలు ఏరుతుంటే అడిగింది.

"అమ్మా, ఆ చేదు నూనె మామ నాకేమవుతాడు?"

"ఎందుకడిగావు?"

"మామలందరూ తలకాయ మీద తడతారు. ఈయన నా తల మీద చెయ్యి పెట్టి తియ్యలేదు."

నిజమే చెప్పాను. పడమటి కంచె దగ్గర రాళ్ళ కింద ఉన్నది ఎవరో చెప్పాను. నువ్వెవరో చెప్పాను. నేనెవరో చెప్పాను. అది చాలాసేపు గింజలు ఏరుతూనే ఉంది. పుచ్చులన్నీ ఓ పక్కకు పెట్టింది. నేను దాని నోటి వైపే చూస్తున్నాను.

చివరికి, "అమ్మా" అంది నన్నే. అక్కడే సగం ప్రాణం వచ్చింది నాకు. "మరి అంత దూరం నుంచి వచ్చి, ముఖం చూపించకుండా పోయాడేం?"

సందె వేళ లారీ దిగావు. మర్నాటి నుంచి నువ్వే దాని కళ్ళకు గుడ్డ కట్టావు. నీ గొంతు తెలుసు, నీ చెయ్యి తెలుసు, ముఖం తెలియదు దానికి. పొడుగ్గా ఉంటాడా, మీసం ఉందా, నాలాగే చెవులు బయటికి ఉంటాయా అని నన్ను వేధిస్తోంది. వచ్చి చూసుకో అన్నాను. నేనెందుకు, ఆయనే రావాలి అంది. రోషం నీది కాదు, వాయూవాది.

అలసంద మొలకెత్తింది. వచ్చే నెలకు ఆకు కోస్తాం.

నీ అక్క
మునీవా


నైరోబీ
1 డిసెంబరు

అక్కా,

సీసా భద్రంగా అందింది. ఒక్క కాలు కూడా విరగలేదు. బొమ్మ పూర్తయింది. మూడో కుప్ప గురించి దొరకు చెప్పాను. మేం ఐదు ఎండిపోయిన వాటిని చూసి పెద్దవన్నీ ఒకే కొలత అనుకున్నాం. పెద్దవి మగవి, ఆ మగవాటిలోనే ఇంత తేడా ఉందని కసివా కుప్పలు పెట్టేదాకా మాకు తెలియదు. వంశం సంగతి మాత్రం ఇంకా తేలలేదు. పెట్టె ఆ సొరుగులోనే ఉంది, ఇప్పుడు నిండుగా ఉంది.

నువ్వు కట్టిన మూట గురించి చదివాను. ఇది గుర్తుంచుకో. నిన్ను అమ్మా అనే పిలవాలి. ఎప్పటికీ. నన్నేమని పిలవాలో దాని ఇష్టం, తొందరేమీ లేదు. నేను దాన్ని తీసుకుపోవడానికి రాను. నేనే వస్తూ ఉంటాను, ఏడాదికి రెండుసార్లు, వానలు పడినప్పుడు. దొర ఒప్పుకున్నాడు. గుట్ట మీద పని ఉందని చెప్పాను. ఉంది కదా.

ఎర్ర మేక సంగతి ఫారా ఎప్పుడో చెప్పేశాడు. ఈసారి దాని బదులు ఓ పాడి మేకను లారీలో ఎక్కించుకొస్తున్నాను. బావ గొడవ చేస్తారని తెలుసు, చేయనీ.

నేను వచ్చిన మర్నాడు పొద్దున కంచె దగ్గరికి వెళ్ళడం నువ్వు చూశావు. చూసి లోపలికి వెళ్ళిపోయావు. అందుకు నీకు ఎంత రుణపడ్డానో రాయలేను. రాళ్ళ మీద గడ్డి పీకి శుభ్రం చేసింది చిన్న చేతులని తెలుస్తూనే ఉంది. ఎవరి రాళ్ళో తెలియకుండానే చేసేది కదూ?

పదిహేడో తారీకు శుక్రవారం బయలుదేరుతున్నాను. ఫారాకు గట్టిగా చెప్పాను, ఆ రాత్రికి దారిలో థికా ఊరు చేరి అక్కడ ఆగుదామని, పొద్దున్నే కదిలి ఎండ ఉండగానే ఉకాసిలో దింపాలని. "ఎందుకయ్యా అంత పట్టుదల?" అన్నాడు. చెప్పాను. గుడ్డ తీసి లారీ ముందు అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

కాబట్టి పద్దెనిమిదిన మధ్యాహ్నం, కసివాను రోడ్డు మీద నిలబెట్టు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకోమను, ఎండగా ఉంటుంది. లారీ ఆగగానే దిగను. కాసేపు మెట్టు మీదే నిలబడతాను. చూడమను. తనకు తీరేదాకా చూడమను. రమ్మన్నాకే దిగుతాను.

చెవుల సంగతి నిజమే.

మౌందు